చిన్నపిల్లలతో ఇంట్లో వస్తువులతో టెక్స్చర్ పెయింటింగ్... మొదటి క్లాసే బురద అయిపోయింది, ఎక్కడ తప్పు చేశానో చెప్పండి

నీలిగడప:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మేము ఉండేది నిజాంపేట వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో. ఎండాకాలం సెలవులు, పిల్లలు పొద్దస్తమానం ఫోన్లు పట్టుకుని కూర్చుంటున్నారు, నాకు కొంచెం బొమ్మలు వేయడం వచ్చు కదా అని ఆదివారం ఆదివారం కింద హాల్లో గంటసేపు పెయింటింగ్ చేయిస్తానని వాట్సాప్ గ్రూప్‌లో ఒక మాట అనేశాను. ఐదారుగురు వస్తారనుకుంటే పదకొండు మంది దిగారు, మూడేళ్ల బుడ్డోడి నుంచి ఏడేళ్ల పిల్ల దాకా. ఫీజు లేదు, సామాను నాదే, సరదా కూడా నాదే అనుకోండి.

చిన్నవాళ్లకి బ్రష్ సరిగా పట్టుకోవడం రాదు కాబట్టి ఇంట్లో దొరికేవాటితో అచ్చులు, టెక్స్చర్లు (వస్తువు గరుకూ నునుపూ కాగితం మీద కనిపించేలా) చేయిద్దాం అనుకున్నా. ముందురోజు రాత్రి కూర్చుని బెండకాయలు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు కోసి, పాత టూత్‌బ్రష్‌లు, దువ్వెన, బీరపీచు, బబుల్ ర్యాప్, సీసా మూతలు, ఫోర్కులు అన్నీ పెద్ద పళ్లెంలో సర్దా. ఆరు రంగుల పోస్టర్ కలర్స్ నీళ్లు కలిపి ఇడ్లీ రేకుల్లో పోశా (ఈ సంగతి మా అత్తగారికి ఇంకా తెలీదు). చూడ్డానికి ఎంత బాగుందో, ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నా.

పది నిమిషాలు. అంతే. ఆరు గుంటల్లో ఉన్న ఆరు రంగులూ కలిసిపోయి చెప్పులకి అంటుకున్న ఎర్రమట్టి బురద రంగొకటి తయారైంది, బెండకాయ పువ్వు పడుతుందని నేను గొప్పగా చెబితే ఎక్కడ అద్దినా జారిపోయి మరకలాగా పడింది, చార్ట్ పేపర్ నాని చిరిగిపోయింది. నాలుగేళ్ల పాప ఒకతి వేలికి రంగు అంటగానే చెయ్యి అలా గాల్లో పెట్టుకుని ఏడుపు, కడిగేదాకా ఆపలేదు. కాస్త పెద్దవాళ్లేమో "ఆంటీ ఏం వెయ్యాలి, ఏం వెయ్యాలి" అని నా చుట్టూనే. ఒకడు బీరపీచుని వీపుకి రుద్దుకుంటున్నాడు, వాడొక్కడే ఆ వస్తువుని దాని పని కోసం వాడాడు ఆ రోజు.

అన్నిటికంటే నన్ను తొలిచేస్తున్నది ఇది. తర్వాత ఒకావిడ వచ్చి "ఏం గీశాడో అర్థం కావట్లేదండీ, కాస్త మీరు సరిచేసి ఇస్తే ఫ్రేమ్ కట్టిద్దాం అనుకున్నా" అంది. నేను నిజంగానే ఆ రాత్రి మూడు కాగితాల మీద బ్రష్‌తో కాండాలూ ఆకులూ గీసి "పూలతోట" చేసి పంపించాను. పొద్దున్న ఆ పిల్లాడు చూసి "ఇది నాది కాదు" అన్నాడట.

ఏ వస్తువులు ముందు ఇవ్వాలి, ఏ కాగితం, రంగు ఎంత చిక్కగా ఉండాలి, ఆ ఏడ్చే పాపతో ఏం చెయ్యాలి, ఇవి చెప్పండి. వచ్చే ఆదివారం ఇంకో ఛాన్స్ ఉంది, దాని తర్వాత ఎవరూ పంపరేమో.

--

పలకాబలపం_అక్క:

మీ పోస్ట్ చదివి నవ్వుకున్నానమ్మా, తప్పుగా అనుకోకు. తెనాలి దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీలో పద్నాలుగేళ్ల నుంచి చేస్తున్నా, ఈ బురద నేనెన్నిసార్లు చూశానో.

పదకొండు మందికి పది వస్తువులూ ఆరు రంగులూ ఒకేసారి ముందు పెట్టావు. పెళ్లి విస్తరి మొత్తం వడ్డించేసి మూడేళ్లవాడిని వరసగా తినమంటే ఏం చేస్తాడు, అన్నీ కలిపి పిసుకుతాడు. వాడి తప్పేం ఉంది అందులో. మొదటి రోజు ఒక వస్తువు, ఒక రంగు. అంతే. దాంతోనే పావుగంట ఆడతారు చిన్నవాళ్లు, పావుగంట దాటితే ఎలాగూ లేచిపోతారు, లేవనివ్వు.

అసలు రంగు కంటే ముందు చేతికి పని చెప్పాలి. నేను ఒక పాత దిండు గలీబులో కొబ్బరిపీచు, దువ్వెన, రాయి, దూది, ఎండిన బీరకాయ, గోనెగుడ్డ ముక్క వేసి లోపలికి చెయ్యి పెట్టించి చూడకుండా చెప్పమంటాను. గరుగ్గా ఉంది, నున్నగా ఉంది, గుచ్చుకుంటోంది, బొడిపెలు బొడిపెలుగా ఉంది, పీచుపీచుగా ఉంది. ఈ మాటలు వాళ్ల నోట్లోంచి రావాలి. ఒక పిల్ల ఎండిన బీరకాయ పట్టుకుని "తాత గడ్డం" అంది, ఇక ఆ ఏడాదంతా మా సెంటర్లో బీరపీచు పేరు తాత గడ్డమే. టెక్స్చర్ అని నువ్వు పేరు పెట్టక్కర్లేదు.

రెండోది, రంగు లేకుండా మొదలెట్టు. పల్చటి తెల్ల కాగితం, జెరాక్స్‌కి వాడేది చాలు, దాని కింద రావి ఆకు పెట్టు, ఈనెలు ఉబ్బెత్తుగా ఉండే వైపు పైకి ఉండాలి, క్రేయాన్‌కి చుట్టూ ఉన్న కాగితం ఒలిచేసి అడ్డంగా పడుకోబెట్టి రుద్దమను. తెల్ల కాగితం మీద ఆకు మెల్లగా పైకి తేలుతుంటే వాళ్ల మొహాలు చూడాలి నువ్వు. ఆకు జారకుండా మూల ఒకటి నువ్వు పట్టుకో, లేదా వెనక చిన్న టేప్ ముక్క. రూపాయి బిళ్ల, జల్లెడ, చెప్పు అడుగు, ఏదైనా సరే. తర్వాత వాళ్లే ఇల్లంతా తిరిగి దేని మీద కాగితం పెట్టాలో వెతుక్కుంటారు, "ఏం వెయ్యాలి" అనే ప్రశ్నే ఉండదు.

రంగు దగ్గరికి వస్తే, ఇడ్లీ పిండిలా ఉండాలి, మజ్జిగలా కాదు. నీళ్లు పోసి పల్చన చెయ్యడమే సగం కొంప ముంచింది. రెండు రంగులు ఇస్తే కలిసినా బాగుండేవి ఇవ్వు, పసుపూ నీలమూ కలిస్తే పచ్చ, పసుపూ ఎరుపూ కలిస్తే నారింజ. మూడూ కలిశాయా, బురదే.

ఆ పాప సంగతి. బలవంతం చెయ్యకు, "ఏం కాదులే" అని కూడా అనకు, తనకి అవుతోంది కాబట్టే ఏడుస్తోంది. పక్కనే తడిగుడ్డ ఒకటి పెట్టి ఇది నీదే, ఎప్పుడు కావాలంటే అప్పుడు తుడుచుకో అని చెప్పు. స్పాంజి ముక్కకి బట్టల క్లిప్ పెట్టి ఇవ్వు, క్లిప్ పట్టుకుని అద్దుకుంటుంది, చేతికి అంటదు. మా దగ్గర ఒకడు ఏడాది దాకా క్లిప్ వదల్లేదు. వదలకపోతే ఏమైంది.

ఇంకోటి, మన ఇళ్లలో లేని పనేం కాదు ఇది. కృష్ణాష్టమికి బియ్యప్పిండి నీళ్లలో పిడికిలి పక్కవైపు ముంచి నేల మీద అద్ది, పైన వేలికొసలతో ఐదు చుక్కలు పెడితే చిన్ని కృష్ణుడి పాదం వస్తుంది కదా, గుమ్మం నుంచి దేవుడి గది దాకా. నేను ఆ పాదంతోనే మొదలుపెడతా, అమ్మలందరికీ తెలిసిందే కాబట్టి "ఇదేం చదువు" అని ఎవ్వరూ అడగరు. మా ఊళ్లో గోడల మీద పిడకలు చూడు, ఒక్కో పిడక మీద ఐదు వేళ్ల అచ్చు, అది చూపించి ఇది ఎవరి చెయ్యి, పెద్దదా చిన్నదా అని అడుగుతా.

మూడు కాగితాలు దిద్దావు చూడు, అది మాత్రం ఇంకెప్పుడూ చెయ్యకు తల్లీ.

--

పెడన_కుర్రాడు:

అక్క అన్నీ చెప్పేశారు, నేను అచ్చుల గురించి మాత్రం చెప్తా. మాది పెడన, కలంకారీ అద్దకం మా తాత చేసేవారు, నేను ఐటీలో పడ్డా గానీ ఆ షెడ్డు వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది.

అచ్చు శుభ్రంగా పడాలంటే రెండు మెత్తలు కావాలండి. ఒకటి రంగు కింద, ఒకటి గుడ్డ కింద. రంగుని ఉత్తగా పళ్లెంలో పోస్తే అచ్చు గాడుల్లోకి కూడా రంగు ఎక్కేస్తుంది, అప్పుడు పడేది మరకే. మావాళ్లు రంగు ట్రేలో గుడ్డ మడతలు వేసి దాని మీద రంగు పీల్చనిచ్చి ఆ తడి గుడ్డ మీద అచ్చుని తట్టి తీస్తారు, పైన ఉబ్బెత్తుగా ఉన్నచోట మాత్రమే రంగు అంటుతుంది. మీరు పాత స్పాంజి ముక్క గానీ నాలుగు మడతల పాత బనీను గుడ్డ గానీ ప్లేట్లో వేసి దాని మీద రెండు స్పూన్ల రంగు రాయండి, స్టాంప్ ప్యాడ్ రెడీ. రెండోది, అద్దకం బల్ల మీద ఎప్పుడూ గోనె, దుప్పటి పొరలు పరిచి ఉంటాయి. గట్టి టేబుల్ మీద కాగితం పెట్టి అద్దితే అంచులే పడతాయి, మధ్యలో ఖాళీ. కింద పాత దుప్పటి మడతో పది న్యూస్‌పేపర్లో వేసి చూడండి తేడా.

బెండకాయ ఎందుకు జారిందంటే దాని జిగురు. కోసిన వెంటనే వాడకూడదు, ముచ్చిక నుంచి రెండంగుళాలు వదిలి అడ్డంగా ఒకే కోత కోసి, గుడ్డతో ఒత్తి, పావుగంట గాలికి వదిలేయండి. ముచ్చికే పట్టుకోవడానికి పిడి. మామూలుగా ఐదు రేకులు పడతాయి, కొన్ని కాయలకి ఆరూ ఏడూ కూడా ఉంటాయి, పిల్లలకి లెక్కపెట్టుకోడానికి అదొక ఆట. కత్తి మొద్దుదైతే కాయ నలిగి రేకులు మూసుకుపోతాయి కాబట్టి ఆ కోత మీరే కొయ్యండి.

పిల్లలకి నేర్పాల్సింది ఒక్కటే, పెట్టు, నొక్కు, ఎత్తు. రుద్దొద్దు. మా తాత అచ్చు పెట్టి పిడికిలితో దాని నెత్తిన ఒక్క గుద్దు గుద్దేవారు, ధబ్ మని, ఆ చప్పుడు లయ మీదే పని నడిచేది. మా అన్నయ్య పిల్లలకి అదే నేర్పా, పెట్టు-ధబ్-ఎత్తు, పెట్టు-ధబ్-ఎత్తు అని పాటలాగా, ఇక రుద్దడం మానేశారు.

కూరగాయలు ఒక్కరోజులో వాడిపోతాయి. అరిగిపోయిన హవాయి చెప్పు ఉంటే పారేయకండి, ఆ రబ్బరు కత్తెరతో చక్కగా తెగుతుంది, చేప, ఆకు, త్రికోణం ఏదంటే అది కోసి సీసా మూతకి అంటించండి, ఏళ్లు మన్నే అచ్చు. చెప్పు అడుగున ఉండే గళ్ల డిజైన్ ఉచితంగా వచ్చే టెక్స్చర్.

--

పెద్దకోడలు:

నా మాట కొంచెం చేదుగా ఉంటే క్షమించండి. ఈ మధ్య ప్రతి ప్లేస్కూల్లో బియ్యం రంగుల్లో ముంచడం, పప్పులు అంటించడం, సేమియాకి రంగులు వెయ్యడం చూస్తున్నా, నాకు మనసొప్పదు. కింద పడ్డ మెతుకు కళ్లకద్దుకున్న ఇంట్లో పుట్టాను నేను. కేజీ బెండకాయలు రంగులో ముంచి డస్ట్‌బిన్‌లో పడేస్తే పిల్లలు నేర్చుకునేది పెయింటింగా, పారేయడమా? ఇడ్లీ రేకులు కూడా, అందులో మళ్లీ వండకండి దయచేసి.

--

పలకాబలపం_అక్క:

పెద్దకోడలు గారూ, మీతో నేను ఏకీభవిస్తా. మా సెంటర్‌కి వచ్చే కొందరు పిల్లలు కోడిగుడ్డు కోసం, మధ్యాహ్నం అన్నం కోసం వస్తారండి, దాచుకోవడానికేం లేదు. వాళ్ల ముందు నేను కందిపప్పు జిగురులో అంటించలేను, చెయ్యి రాదు. ట్రైనింగుల్లో ఎన్నిసార్లు చూపించినా మేము చెయ్యలేదు.

కానీ కూరగాయలు పూర్తిగా మానక్కర్లేదు. కూర తరిగాక మిగిలేవే వాడతా. బెండకాయ ముచ్చికలు, క్యాబేజీ మొదలు దగ్గరి గట్టి ముక్క, ఉల్లిపాయ వేరు వైపు చెక్క. మొక్కజొన్న పొత్తు తినేశాక మిగిలే బెండుని రంగులో దొర్లించి కాగితం మీద చపాతీ కర్రలా తోస్తే వరసలు వరసలుగా గళ్లు పడతాయి, అసలు పొత్తు కంటే అదే బాగుంటుంది. కొబ్బరి పీచు, వేరుశెనగ తొక్కలు, ముదిరిపోయిన బీరకాయ, ఇవన్నీ ఎలాగూ పారేసేవే. వాడాక మేకకి పెట్టలేం కాబట్టి తినేవీ రంగు వేసేవీ ఒకే గిన్నెలో మాత్రం వద్దు. ఇడ్లీ రేకుల మీద నేను కూడా పెద్దకోడలు గారి వైపే.

--

బుజ్జిగాడి_అమ్మ:

పప్పుల మాట వచ్చింది కాబట్టి నా గోల కూడా వినండి. మావాడికి మూడున్నరేళ్లప్పుడు ఒక ప్లేస్కూల్లో శెనగలు అంటించి తాబేలు చేయించారు. ఆ రోజు ఇంటికొచ్చి ముక్కు పట్టుకుని తిరుగుతున్నాడు, జలుబేమో అనుకున్నా. రెండో రోజుకి ఒకే వైపు నుంచి చీమిడి, వాసన. ఈఎన్‌టీ డాక్టర్ లైటు పెట్టి చూసి చిమటా లాంటిదానితో బయటికి తీశారు, శెనగ గింజ, లోపల తడికి నాని ఉబ్బిపోయింది. ఇంట్లో పిన్నుతో గెలకడానికి ప్రయత్నించలేదు కదా అని డాక్టర్ మొదట అడిగిన మాట అదే, గెలికితే ఇంకా లోపలికి వెళ్తుందట. ఒక ముక్కు వైపే కారుతుంటే అనుమానించాలని అప్పుడే తెలిసింది నాకు.

స్కూలు వాళ్లని తిట్టడానికి కాదు చెప్పేది. పదకొండు మందిని మీరొక్కరే చూసుకుంటున్నారు, మీ పళ్లెంలో సీసా మూతలు ఉన్నాయన్నారు, మూడేళ్లవాడి నోట్లో పట్టేంత చిన్నవి ఏవీ వద్దండి. పూసలు, గింజలు, బొత్తాలు అసలే వద్దు. ఇంకొకరిని ఎవరినైనా సాయం కూర్చోబెట్టుకోండి, ఆ ఫ్రేమ్ ఆంటీనే పిలవండి ☺

--

చింతగింజ_సార్:

నమస్తే అందరికి. మాది సిద్దిపేట జిల్లా, సర్కారు బడిల డ్రాయింగ్ చెప్పి రిటైరైన. మీ మాటలు మంచిగున్నయి, నేను జిగురు, ముద్ద సంగతి చెప్త.

రంగుల ఇసుకో, రంపపు పొట్టో కలిపి గరుకు తెచ్చుడు పిల్లలకు మస్తు ఇష్టం. అయితే కొందరు టీచర్లు యూట్యూబ్‌ల చూసి గోడలకు రాసే పుట్టీ తెచ్చి పిల్లల చేతులకిస్తున్నరు. అది సిమెంటు సరుకు, చేతులు పగులుతయి, దుమ్ము ఛాతిలకు పోతది. పిల్లల దగ్గరకు రానియ్యకుండ్రి. ముగ్గుపిండి గుడ అంతే, పొడిపొడిగ చల్లుతె ముక్కులకు పోతది.

మా దిక్కు చేర్యాల నకాషీ వాళ్లు, అంటే బట్ట మీద కథల పటాలు గీసేటోళ్లు, ఏం జేస్తరంటే, చింతగింజలు నానబెట్టి రుబ్బి ఉడకబెట్టి జిగురు తీస్తరు, దాన్ల రంపపు పొట్టు కలిపి ముద్ద జేసి మాస్కులు, బొమ్మలు చేస్తరు. పటం బట్టకు గుడ ఆ చింతగింజల జిగురు, సుద్దమట్టి కలిపి పూత మీద పూత పూస్తరు. నేను బడిల పోరలతోని అదే చేయించిన. చింతగింజలు వేయించి పొట్టు తీసి, ఒక రాత్రి నానబెట్టి, మిక్సీల మెత్తగ రుబ్బి, నీళ్లు పోసి అడుగంటకుండ కలుపుకుంట ఉడకబెడితె గంజి లెక్క అయితది. జల్లెడ పట్టిన పొట్టు కలిపి అట్టముక్క మీద మందంగ పూసి, తడి ఉన్నప్పుడే దువ్వెనతోని గీరమనాలె, చీపురు పుల్లలతోని గీరమనాలె, వేళ్లతోని ఒత్తమనాలె. దున్నిన పొలం లెక్క గీరలు పడ్తయి. రెండు రోజులు నీడకు ఎండినంక రంగు వెయ్యాలె. ఒక పోరడు తన అట్ట మొత్తం దువ్వెనతోని అడ్డంగ గీరి, ఒక్క మూలకు మాత్రం బొటనవేలితోని గుంట వెట్టిండు, ఏందిరా ఇది అంటె "మా బోరు సార్, నీళ్లు పడలె" అన్నడు.

అంత ఓపిక లేకుంటె మైదా జిగురు చేసుకోండ్రి, ఒక కప్పు మైదాకు నాలుగు కప్పుల నీళ్లు, చల్లటి నీళ్లల్లనే ఉండలు లేకుండ కలిపి అప్పుడు పొయ్యి మీద పెట్టాలె. జర జాగ్రత్త, పాతకాలంల పుస్తకాలు కుట్టెటోళ్లు, పోస్టర్లు అంటించెటోళ్లు పురుగు పట్టకుండ దాన్ల మైలుతుత్తం వేసేటోళ్లు. అది విషం. పెద్దోళ్లు ఎవరన్న "జరంత తుత్తం వేయి" అంటె వినకుండ్రి. ఇంత ఉప్పేసి, రెండు మూడు రోజులల్ల వాడుకొని మిగిలింది పారబోయుండ్రి.

వానకాలం అట్టలు ఆరక బూజు పడ్తయి, పనైపోయిన టీ పొడి గుడ సరిగ కడిగి ఎండబెట్టకుంటె బూజే. రవ్వ అంటిస్తె చీమలు, పురుగులు వస్తయి. ఇసుకే నయం, కడిగి ఆరబెట్టి జల్లించుకోండ్రి. ఆకుల అచ్చులకు గన్నేరు, జిల్లేడు ముట్టొద్దు, ఆ పాలు కండ్లల్ల పడితె పెద్ద ఖతర్. రావి, టేకు, జామ, బాదం ఆకులు మంచిగ పడ్తయి. అక్క చెప్పిన క్రేయాన్ రుద్దుడు చాట మీద చేసి చూడుండ్రి, వెదురు అల్లిక మొత్తం దిగుతది.

కాగితం చార్టు వద్దు. పెళ్లిపత్రికల వెనకవైపు, స్వీటు డబ్బాల అట్టలు, చొక్కా డబ్బాల అట్టలు మస్తు.

--

ఊరికే_చూస్తున్నా:

మొత్తం సేవ్ చేసుకున్నా. ఆరేడేళ్ల వాళ్లకి ఇంకొకటి, టూత్‌బ్రష్ చిలకరింపు. కాగితం మీద ఆకు పెట్టి, బ్రష్‌కి రంగు పట్టించి, స్కేల్‌ని బ్రష్ మీదుగా మన వైపు లాగాలి. అటు తోస్తే చుక్కలన్నీ మన మొహాన పడతాయి, నాకు పడ్డాయి. ఆకు తీసేస్తే దాని ఆకారం తెల్లగా మిగులుతుంది. ఇంకోటి వాటర్ కలర్ తడిగా మెరుస్తున్నప్పుడు రాళ్ల ఉప్పు చల్లి కదపకుండా వదిలేయడం, ఆరాక దులిపేస్తే మంచు పువ్వుల్లా మచ్చలు. మందపాటి డ్రాయింగ్ షీట్ మీదే వస్తుంది, పోస్టర్ కలర్ మీద నాకు రాలేదు.

అక్రిలిక్ మాత్రం కొనకండి, ఆరితే బట్టలకి పోదు.

ఇంతకీ ఇడ్లీ రేకుల సంగతి అత్తగారికి తెలిసిందా లేదా??

--

నీలిగడప:

తెలిసింది. రెండో గుంటలో కొద్దిగా నీలం మిగిలిపోయింది, గురువారం ఇడ్లీల్లో ఒకటి నీలం అంచుతో వచ్చింది. ఆ రేకులు ఇప్పుడు అధికారికంగా నావి, కొత్తవి కొనిచ్చాను. నీలం ఇడ్లీ ఎవరం తినలేదు.

రెండో ఆదివారం అయింది, అందుకే రిపోర్ట్. మొత్తం రాస్తే మళ్లీ పెద్దదైపోతుంది, ముఖ్యమైనవి చెప్తా.

తొమ్మిది మంది వచ్చారు. రంగు మొదట తియ్యనే లేదు. దిండు గలీబు సంచి ఆట, తర్వాత క్రేయాన్‌తో రుద్దడం. మా అత్తగారు ఊరి నుంచి తెచ్చుకున్న చాట ఇచ్చారు (రేకుల గొడవ తర్వాత కూడా!). ఏడేళ్ల పిల్ల చాట మీద కాగితం పెట్టి రుద్ది, ఎత్తి చూసి, "ఆంటీ ఇది చాటా, చీరా" అంది. ఆ తర్వాత వాళ్లు హాల్లోంచి బయటికి పరిగెత్తి లిఫ్ట్ బటన్లు, మ్యాన్‌హోల్ మూత, వాచ్‌మన్ తాతగారి చెప్పు అడుగు, కారు నంబర్ ప్లేటు అన్నీ రుద్దుకొచ్చారు. నంబర్ ప్లేటు గురించి ఒక సార్ కిందకి దిగి అడిగారు, చూపిస్తే ఆయనే ఆ కాగితం తీసుకెళ్లారు.

తర్వాత రంగు, నీలం ఒక్కటే, బనీను గుడ్డ ప్యాడ్ మీద, కింద దుప్పటి మడత. బెండకాయ ముచ్చికలు శుక్రవారం నుంచి దాచాను కానీ అవి వాడిపోయి మెత్తబడ్డాయి, కాబట్టి ఆ పొద్దున తరిగినవే పనికొచ్చాయి. పెట్టు-ధబ్-ఎత్తు బ్రహ్మాండంగా పని చేసింది, కింద ఫ్లోర్ వాళ్లు ఏమనుకున్నారో తెలీదు. పువ్వు పడింది! ఐదు రేకులు. ఒక కాయకి ఆరు ఉన్నాయని పెద్ద గొడవ, ఆరు రేకులది నాకంటే నాకని.

ఏడ్చిన పాప కూడా వచ్చింది. వస్తుందనుకోలేదు. తడిగుడ్డ ఒళ్లో పెట్టా, క్లిప్‌కి స్పాంజి పెట్టి ఇచ్చా. మొదట ఐదు నిమిషాలు అందరినీ చూస్తూ కూర్చుంది. తర్వాత ఒక్కసారి అద్దింది, తుడుచుకుంది, చేతికి ఏమీ అంటలేదు అయినా తుడుచుకుంది. మళ్లీ అద్దింది. కాగితం మొత్తం మీద ఒక్క మూలలోనే పక్కపక్కన పదిహేనో పదహారో అద్దకాలు, మిగతాదంతా తెల్లగా వదిలేసింది. చివర్లో కృష్ణ పాదం నేర్పించేటప్పుడు నేను అడగలేదు, తనే క్లిప్ పక్కన పెట్టి చూపుడువేలు ఒక్కటి ముంచి ఒక్క వేలిముద్ర పెట్టి వెంటనే తుడిచేసుకుంది. వాళ్లమ్మ ఆ ఒక్క చుక్కని ఫోటో తీసుకుంది.

ఫ్రేమ్ ఆవిడని బుజ్జిగాడి అమ్మ గారు చెప్పినట్టే సాయానికి పిలిచా. వచ్చింది. కొడుకు చెయ్యి పట్టుకుని "ఇక్కడ పెట్టు, వరసగా పెట్టు" అని రెండుసార్లు అంది, మూడోసారి నేను ఆవిడకే ఒక బెండకాయా కాగితమూ ఇచ్చా, మీరూ వెయ్యండి అని. ఇక గంట అయ్యేదాకా తల ఎత్తలేదు. దిద్దమని అడగలేదు. నేను పాడు చేసిన ఆ మూడు కాగితాలకి మాత్రం ఏం చెయ్యాలో తెలియలేదు, ఆ పిల్లాడికి సారీ చెప్పా, "పర్లేదు ఆంటీ అది నీది కదా" అన్నాడు.

సార్, చింతగింజలు నానబెట్టా, మా మిక్సీ బ్లేడు అరిగిపోయేలా ఉంది, అంత గట్టిగా ఉంటాయని చెప్పలేదు మీరు. మూడో వారానికి అదే ప్లాన్.

ఇంకో రెండు డౌట్లు. పసుపు నీళ్లు పూసిన కాగితం మీద సున్నం తగిలితే ఎర్రగా అవుతుంది కదా, పారాణిలాగా, అది పిల్లలతో చేయించొచ్చా? అరటి బోదె అచ్చు బాగా పడుతుందని ఎక్కడో విన్నా, హైదరాబాద్‌లో ఎక్కడ పట్టుకోవాలి?

--

పలకాబలపం_అక్క:

ఆ ఒక్క చుక్క చాలమ్మా.

సున్నం మాత్రం పిల్లల చేతికి వద్దు, కంట్లో పడితే కన్నే పోతుంది. సబ్బు నీళ్లతో కూడా అదే ఎరుపు వస్తుంది. పసుపు పూసి ఆరబెట్టిన కాగితాలు ముందురోజే సిద్ధం చేసుకుని, బట్టల సబ్బు ముక్క నీళ్లలో కరిగించి, బీరపీచు అందులో ముంచి పిండి అద్దమను. నీళ్లకి రంగే లేదు, కాగితం మీద మాత్రం ఎర్రగా పీచు అల్లిక దిగుతుంది, పిల్లలు మంత్రం అనుకుంటారు. నిమ్మరసం తగిలిస్తే మళ్లీ పసుపైపోతుంది. సబ్బు చేతులతో కళ్లు నులుముకోకుండా చూసుకో. ఎండ తగిలే గోడకి పెట్టకు, పసుపు రంగు నాలుగు రోజుల్లో వెలిసిపోతుంది.

--

పెడన_కుర్రాడు:

అరటి బోదెకి పూల మార్కెట్ దగ్గర పెళ్లి పందిళ్లకి అరటి చెట్లు అమ్మేవాళ్లని అడగండి, లేదా మీ దగ్గర్లో ఫంక్షన్ హాల్లో ముహూర్తం అయిన మర్నాడు పొద్దున్నే వెళ్తే గేటు దగ్గర ఉత్తినే దొరుకుతాయి. డొప్ప ఒక్కొక్కటి విడదీసి అడ్డంగా కోస్తే లోపల గదులు గదులుగా ఉంటుంది, నెలవంకలో నిచ్చెన వేసినట్టు పడుతుంది అచ్చు. కోసి కాసేపు కారనివ్వండి. అరటి కర బట్టలకి అంటితే పోదు, పిల్లలకి పాత బట్టలు వేసి పంపమని గ్రూప్‌లో ముందే చెప్పండి, ముఖ్యంగా ఆ ఫ్రేమ్ ఆంటీకి.